పిడికిలంత డాలు ఎటు పోయింది?

1560 ప్రాంతంలో లండన్ వీధిలో ఒక పెద్దింటి నౌకరు నడిచి వస్తున్నాడంటే, కనబడే ముందే వినబడేవాడు. నడుముకు కత్తి, ఆ కత్తి పిడికి తగిలించిన గుండ్రటి చిన్న డాలు. అడుగు పడ్డప్పుడల్లా ఇనుము ఇనుముకు తగిలి టంగుమనేది. ఆ చప్పుడులోంచే ఇంగ్లీషులో స్వాష్‌బక్లర్ అనే మాట పుట్టింది. కత్తితో డాలు మీద బాదుతూ చేసే హడావుడి 'స్వాష్'. ఆ చిన్న డాలు పేరు 'బక్లర్'. ఇప్పుడు సాహస చిత్రాల కథానాయకుణ్ణి మెచ్చుకోవడానికి ఈ మాట వాడుతున్నారు గానీ, పుట్టినప్పుడు అది తిట్టే. చప్పుడెక్కువ, సరుకు తక్కువ అని అర్థం.

మరో యాభై ఏళ్ళు గడిచేసరికి వీధుల్లో ఆ చప్పుడు వినబడలేదు. మూడు వందల ఏళ్ళు జంటగా తిరిగిన కత్తి, బక్లర్‌లలో కత్తి మిగిలింది, బక్లర్ మాయమైంది. ఎందుకని అడిగితే ఠక్కున వచ్చే జవాబులు రెండు. తుపాకులు వచ్చాయి కాబట్టి అని కొందరు, రేపియర్ అనే పొడుగాటి పొడుపుకత్తి వచ్చింది కాబట్టి అని మరికొందరు. మొదటి జవాబులో నిజం కొంచెమే. రెండోది సగం నిజం. మిగతా సగం కోసం కత్తి పిడిలోకి, నడుము పట్టీలోకి, ఎవరు ఎవరి కంటే గొప్పవారన్న లెక్కల్లోకి తొంగిచూడాలి.

ముందు వస్తువు సంగతి. డాలు అనగానే ముంజేతికి పట్టీలతో బిగించి ఒళ్ళంతా దాచుకునేది గుర్తొస్తుంది. బక్లర్ తీరు వేరు. వెడల్పు అడుగు, మహా అయితే అడుగున్నర. మధ్యలో గిన్నె బోర్లించినట్టు ఒక బుడిపె, ఆ బుడిపె వెనక బోలులో అడ్డంగా చిన్న పిడి. పట్టీలు ఉండవు, గుప్పిట్లో పట్టుకోవడమే. పెద్ద డాళ్ళ కథ దీనికంటే ముందే ముగిసింది. 14, 15 శతాబ్దాల్లో ఉక్కురేకు కవచాలు నిలువెల్లా కప్పేసరికి గుర్రమెక్కే దొరలకు డాలు అనవసర భారమైంది. బక్లర్ మాత్రం కవచం లేనివాడి వస్తువు. విలుకాడు, కాలిబంటు, ఊళ్ళో తిరిగే మామూలు మనిషి దాన్ని పట్టారు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి చాసర్ వర్ణించిన పిండిమర యజమాని కూడా నడుముకు కత్తీ బక్లరూ వేలాడదీసుకునే తీర్థయాత్రకు బయలుదేరతాడు. అంతకు వందేళ్ళ ముందే, 1285లో, ఒకటో ఎడ్వర్డ్ రాజు లండన్ నగరంలో బక్లర్ సాము నేర్పే బడులు నడపకూడదని శాసనం చేశాడు. నిషేధించాల్సి వచ్చిందంటే ఎంత విరివిగా నడిచాయో ఊహించుకోవచ్చు.

ఇంత చిన్న రేకు మనిషిని ఎలా కాపాడుతుంది? వంటింట్లోంచి 30 సెంటీమీటర్ల గిన్నె మూత తెచ్చి చూస్తే తెలిసిపోతుంది. ఎదురుగా ఒకరిని మీ రొమ్ముకు మీటరున్నర దూరంలో నిలబెట్టండి. మూతను రొమ్ముకు ఆనించి పట్టుకుంటే అతనికి మీ ఒంట్లో 30 సెంటీమీటర్లే కనబడకుండా పోతుంది. ఇప్పుడు చెయ్యి నిండా చాచండి. మూత మీకు 70 సెంటీమీటర్లు ముందుకు వెళ్ళింది, అతని కంటికి 80 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చింది. లెక్క వేస్తే అది మీ ఒంటి మీద దాదాపు 56 సెంటీమీటర్ల వెడల్పు దాచేస్తుంది. మూత పెరగలేదు, నీడ పెరిగింది. బక్లర్ రహస్యమంతా ఇదే. పాత బొమ్మల్లో దాన్ని ఎప్పుడూ చెయ్యి చాచి శత్రువు ముఖం మీదికే పట్టడం అందుకే. ఇప్పుడు అతన్ని మూడు మీటర్ల దూరానికి జరగమనండి. అదే చెయ్యి, అదే మూత, కానీ దాగేది 39 సెంటీమీటర్లే. ఈ రెండో లెక్క గుర్తుపెట్టుకోవాలి, రేపియర్ దగ్గర మళ్ళీ వస్తుంది.

ఒంటిని దాచడం కూడా బక్లర్‌కు రెండో పనే. మొదటి పని ఏమిటో తెలియాలంటే బ్రిటన్‌లోని లీడ్స్ నగరంలో, రాయల్ ఆర్మరీస్ సంగ్రహాలయంలో ఉన్న ఒక రాతప్రతిని చూడాలి. దాన్ని ఐ.33 అని పిలుస్తారు. 1300ల తొలి దశాబ్దాల్లో జర్మన్ ప్రాంతంలో తయారైంది. యూరప్‌లో మనకు దక్కిన కత్తిసాము గ్రంథాల్లో ఇదే అన్నిటికంటే పాతది, అందులో ఉన్నదంతా కత్తీ బక్లర్ సామే. నేర్పేవాడు ఒక మతగురువు, నేర్చుకునేవాడు అతని శిష్యుడు. చివరి పుటల్లో వాల్పుర్గిస్ అనే ఆమె వచ్చి మతగురువుతో కత్తి కలుపుతుంది. (ఆమె ఎవరు, ఎందుకు వచ్చింది అన్న వివరణ పుస్తకం ఇవ్వదు. నాకైతే పుస్తకం మొత్తంలో అదే ఇష్టమైన చోటు.)

ఆ బొమ్మలు వరసగా తిరగేస్తుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కత్తి ఎటు వెళితే బక్లర్ అటే వెళుతుంది. వేటు వేసేటప్పుడు రెండు చేతులూ పక్కపక్కనే, ఎడమ గుప్పిట్లోని రేకు కుడి చేతి మణికట్టును అంటిపెట్టుకొని ఉంటుంది. ఎందుకంటే ఆ కాలపు కత్తికి చేతి రక్షణ అంటే అలుగుకు అడ్డంగా ఒక ఇనుప పట్టీ, అంతే. వేళ్ళు బయటికే. ముందుకు చాచిన చెయ్యే శత్రువుకు అన్నిటికంటే దగ్గరగా ఉండే లక్ష్యం, నాలుగు వేళ్ళు తెగితే పోరు ముగిసినట్టే. బక్లర్ మొదటి ఉద్యోగం ఆ కుడి చేతికి కాపలా. ఈ గ్రంథంలో 'శిల్ట్‌స్లాక్' అని మరో ఎత్తు ఉంది. కత్తులు పెనవేసుకున్న క్షణంలో మన బక్లర్‌తో ఎదుటివాడి చేతుల్నీ బక్లర్‌నీ కలిపి ఒక పక్కకు తోసి, కత్తిని విడిపించుకొని తల మీద వేటు వేయడం. అంటే ఇది కాచుకునే రేకే కాదు, రెండో ఆయుధం.

ఇంత పనికొచ్చే వస్తువు ఎలా పోయింది?

తుపాకుల మాట ముందే తేల్చేద్దాం. గుళ్ళు కవచాలను మార్చాయి, యుద్ధాలను మార్చాయి. కానీ 16వ శతాబ్దపు వీధి తగాదాలో ఎవరూ వత్తి వెలిగించుకొని తుపాకీ పేల్చుకోలేదు. అక్కడ 1700ల దాకా కత్తిదే రాజ్యం. తుపాకీ చేసిన చెరుపు పక్కదారిన జరిగింది. ఇంగ్లండ్‌లో బక్లర్ పట్టే సైనికుల్లో ఎక్కువమంది విలుకాళ్ళు. బాణాలు అయిపోతే కత్తీ బక్లరూ తీసేవారు. 1595లో రాణి సలహామండలి అయిన ప్రీవీ కౌన్సిల్ స్థానిక సైనిక దళాల్లో విల్లును పక్కనపెట్టి తుపాకులు పట్టమంది. విల్లు పోవడంతో బక్లర్‌కు సైన్యంలో ఉన్న ఆ కాస్త ఆధారమూ పోయింది. అప్పటికే అది వీధుల్లోనూ పలచబడింది కాబట్టి, ఇది చివరి దెబ్బే గాని మొదటిది కాదు.

మొదటి దెబ్బ కొట్టింది కత్తి పిడి. 15వ శతాబ్దం చివరి నుంచి కత్తులు పట్టే తీరు మారింది. మొన మీద అదుపు కోసం చూపుడు వేలిని అడ్డపట్టీ దాటించి అలుగు మొదట్లో చుట్టడం అలవాటైంది. బయటికొచ్చిన ఆ వేలికి ఒక ఇనుప కమ్మీ కావాలి కదా, పెట్టారు. తర్వాత పక్కన ఒక కడియం, తర్వాత గుప్పిట మీదుగా వంపు తిరిగిన పట్టీ, అలా ఒక్కో కమ్మీ చేరి, 16వ శతాబ్దం నడిమికల్లా ఇటలీ, స్పెయిన్ కత్తుల పిడి తీగలల్లిన గూడులా తయారైంది. ఇంగ్లండ్‌లో బుట్టపిడి కత్తులు వచ్చాయి. 17వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి స్పెయిన్‌లో పిడి చుట్టూ ఏకంగా ఒక ఇనుప గిన్నే బోర్లించారు. చూడటానికి చిన్న బక్లర్ మధ్యలోంచి అలుగు పొడుచుకొచ్చినట్టే ఉంటుంది. ఇంతకాలం ఎడమ చెయ్యి మోసిన కాపలా కుడి చేతికి సొంతమైంది.

కథ ఇక్కడితో ముగిస్తే అందంగానే ఉంటుంది గానీ, ఇటలీలోని బొలోన్యా నగరపు గురువులు ఒప్పుకోరు. 1531లో మాంచోలీనో, 1536లో మరోత్సో అచ్చువేయించిన పుస్తకాల్లో కత్తులకు అప్పటికే వేలి కమ్మీలున్నాయి. అయినా చిన్న బక్లర్ సాముకు ఇద్దరూ పెద్దపీట వేశారు. బడిలో చేరిన కుర్రవాడికి అదే పునాది. కాబట్టి పిడి మారగానే బక్లర్ ఉద్యోగం ఊడలేదు, ఉన్న ఉద్యోగంలో అసలు పని తగ్గిపోయింది. పని తగ్గిన మనిషిని ఎవరైనా కాస్త నెట్టితే చాలు.

ఆ నెట్టడం పొడుపు చేసింది. నరికే వేటు పెద్ద వలయంలో వస్తుంది, ఎటునుంచి వస్తున్నదో కనబడుతుంది, అడుగు వెడల్పు రేకు దాన్ని మధ్యదారిలో అడ్డుకోగలదు. పొడుపు అలా కాదు. 1553లో రోమ్‌లో కమిల్లో అగ్రిప్పా అనే ఇంజనీరు కత్తిసాము మీద పుస్తకం వేసి, రేఖాగణితం బొమ్మలతో వాదించాడు: చాచిన చేతి నుంచి సూటిగా వెళ్ళే మొనదే దగ్గరి దారి అని. సాముగరిడీ గురువు కానివాడు వచ్చి గురువులకు పాఠం చెప్పడం చాలామందికి నచ్చలేదు గానీ, రాబోయే వందేళ్ళు ఆయన చూపిన దిక్కుకే నడిచాయి. అలుగు సన్నబడి పొడుగైంది, మీటరు దాటింది. పోరాడే ఇద్దరి మధ్య దూరం పెరిగింది. ఇందాకటి మూత లెక్క ఇక్కడ పనికొస్తుంది. దూరం పెరిగే కొద్దీ బక్లర్ నీడ కుంచించుకుపోతుంది. పైగా పొడిచేవాడు మణికట్టును కాస్త వదులుచేస్తే చాలు, మొన జానెడు కిందికి జారి రేకు అవతలి పక్కన లేస్తుంది. దాని వెంట కిలో బరువు రేకును తిప్పుతూ పోవడం ఈగను పళ్ళెంతో కొట్టబోవడమే.

బాకుకు ఆ ఇబ్బంది లేదు. ఎడమ చేతిలో నిలబెట్టి పట్టుకున్న బాకు ఒక గీత, ముఖం నుంచి నడుము దాకా ఎక్కడ పొడుపు వచ్చినా చిన్న కదలికతో పక్కకు నెట్టేస్తుంది. అడ్డపట్టీలో ఎదుటి అలుగును ఇరికించి పట్టేస్తుంది. దగ్గరికి వస్తే పొడుస్తుంది కూడా. కానీ బాకు గెలిచింది ఈ గుణాల వల్లే అనుకుంటే పొరపాటు. పొద్దున్న ఇంట్లోంచి బయలుదేరే మనిషిని ఊహించుకోండి. నడుముకు బాకు ఎలాగూ ఉంటుంది, అది వేషధారణలో భాగం. భుజాన పైవస్త్రం ఎలాగూ ఉంటుంది. తగాదా వస్తే బాకు ఎడమ చేతిలోకి వస్తుంది, లేదా పైవస్త్రాన్ని ముంజేతికి చుట్టుకుంటే అదే డాలవుతుంది. ఆ కాలపు పుస్తకాల్లో కత్తీ పైవస్త్రం సాముకు ప్రత్యేకంగా అధ్యాయాలు ఉన్నది అందుకే. బక్లర్‌ను మాత్రం కావాలని తగిలించుకొని వెళ్ళాలి. విందులో కూర్చుంటే తగులుతుంది, నృత్యంలో తగులుతుంది, నడిస్తే టంగుటంగుమంటుంది. దాన్ని వేసుకొని వచ్చినవాడు తగాదాకే వచ్చాడని అందరికీ తెలిసిపోతుంది.

పుస్తకాల విషయసూచికలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మార్పు కళ్ళ ముందే జరుగుతుంది. 1570లో వెనిస్‌లో అచ్చయిన దీ గ్రాస్సీ గ్రంథంలో బక్లర్ ఇంకా ఉంది. అదే ఏడాది స్ట్రాస్‌బర్గ్‌లో వచ్చిన యోఆఖిమ్ మేయర్ బృహద్గ్రంథంలో రేపియర్‌కు తోడుగా బాకూ పైవస్త్రమూ కనబడతాయి, బక్లర్‌కు అధ్యాయం లేదు. 1606లో కోపెన్‌హేగన్‌లో అచ్చయిన ఫాబ్రిస్ పుస్తకంలో ఒంటి కత్తి, బాకు, పైవస్త్రం. 1610లో సియెనాలో కపోఫెర్రో కూడా ఇదే దారి. చివర్లో ఒక పెద్ద గుండ్రటి డాలును మర్యాదకు చేర్చాడు గానీ బక్లర్ జాడ లేదు. మరోత్సో పునాదిగా పెట్టుకున్నది డెబ్బై ఏళ్ళలో పాఠంలోనే లేకుండా పోయింది.

ఇక ఇంగ్లండ్. అక్కడ ఈ మార్పు ఆలస్యంగా, రచ్చరచ్చగా జరిగింది. కత్తీ బక్లర్ తమ సొంత జాతి సాము అని, రేపియర్ ఇటలీ నుంచి దిగుమతైన పురుగు అని వాళ్ళ నమ్మకం. లండన్‌లోని వెస్ట్ స్మిత్‌ఫీల్డ్‌కు రౌడీల చావడి అని అర్థమొచ్చే పేరే పడింది, బక్లర్ తగాదాలకు అది అడ్డా. చరిత్రకారుడు జాన్ స్టో రాసిన ఇంగ్లండ్ చరిత్రను కొనసాగించిన ఎడ్మండ్ హోస్ రాసిన దాని ప్రకారం, మొదట అడుగు వెడల్పున ఉండే బక్లర్‌లకు నాలుగైదు అంగుళాల ముల్లు ఉండేది. తర్వాత్తర్వాత బక్లర్ పెరిగింది, ముల్లు పది పన్నెండు అంగుళాలైంది. ఆ వెంటనే పొడవాటి రేపియర్‌ల మోజు పట్టుకుంది. ఎవరి మెడ చుట్టూ కుచ్చుల పట్టీ పెద్దదో, ఎవరి రేపియర్ పొడుగో వాడే మొనగాడు. రాణి ఎలిజబెత్ విసిగిపోయి నగర ద్వారాల దగ్గర పెద్దమనుషులను నిలబెట్టి, హద్దు మించిన కుచ్చులు కత్తిరించమనీ, హద్దు మించిన కత్తి మొనలు విరిచేయమనీ ఆజ్ఞాపించిందట. హోస్ ఈ మార్పును 1570 దగ్గర పెడతాడు. కానీ 1560లలోని రాజ ప్రకటనల్లోనే కత్తి అలుగు గజం నాలుగున్నర అంగుళాలు మించకూడదనీ, బక్లర్ ముల్లు రెండు అంగుళాలు దాటకూడదనీ ఉంది. పెద్దల జ్ఞాపకం ఎప్పుడూ ఒక పదేళ్ళు అటో ఇటో జారుతుంది.

17వ శతాబ్దంలో థామస్ ఫుల్లర్ అనే ఇంగ్లీషు రచయిత అయితే నేరమంతా ఒక్కడి మీదికి నెట్టాడు. రోలండ్ యార్క్ అనేవాడు రేపియర్‌తో పొడవడం తెచ్చిపెట్టడంతో బక్లర్ పోయిందట. ఈ యార్క్ 1587లో నెదర్లాండ్స్‌లో ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న ఒక కోటబురుజును స్పెయిన్‌వాళ్ళకు అప్పగించిన ద్రోహి. చచ్చిన ద్రోహి మీద ఏ పాపమైనా వేయొచ్చు కదా. కానీ ఫుల్లర్ అదే చోట చెప్పిన మరో మాట మాత్రం బంగారం. కత్తీ బక్లర్ తగాదాల్లో దెబ్బతిన్నవారి కంటే బెదిరినవారు ఎక్కువ, చచ్చినవారి కంటే దెబ్బతిన్నవారు ఎక్కువ. మోకాలి కింద కొట్టడం మగతనం కాదనుకునేవారు.

నా దృష్టిలో చిక్కుముడి విడిపోయేది ఇక్కడే. బక్లర్ పనికిరాక పోలేదు, ప్రాణాలు కాపాడుతుండగానే పోయింది. ఇటలీ నుంచి వచ్చిన కొత్త ద్వంద్వయుద్ధ మర్యాదలో పరువు కోసం పోరాడేవాడు ప్రాణాన్ని తెగించి పణంగా పెట్టాలి. గంటసేపు టంగుటంగుమని కొట్టుకొని, గీరుకుపోయిన మోచేతులతో సారాయి దుకాణానికి వెళ్ళే పోరు ఆ మర్యాదకు నవ్వులాట. బక్లర్ నౌకర్ల ఆటవస్తువైపోయింది. షేక్‌స్పియర్‌కు ఈ తేడా బాగా తెలుసు. రోమియో జూలియెట్ నాటకం మొదట్లో రంగం మీదికి వచ్చే క్యాపులెట్ ఇంటి నౌకర్ల చేతుల్లో కత్తులూ బక్లర్‌లూ ఉంటాయి. అదే ఇంటి దొరబిడ్డ టైబాల్ట్ మాత్రం లెక్కల పుస్తకం చూసి పోరాడే రకం, అతని పొడుపుకు రోమియో స్నేహితుడు మెర్క్యూషియో చస్తాడు. నాలుగో హెన్రీ నాటకంలో తిరుగుబాటు చేసిన దొర హాట్‌స్పర్ యువరాజును చులకన చేయదలచి కత్తీ బక్లర్ యువరాజు అంటాడు. మన దగ్గర ఒక దొరబిడ్డను వీధి రౌడీ అన్నట్టు.

దీనికి ఎదురు నిలిచినవాడు జార్జ్ సిల్వర్ అనే ఇంగ్లీషు కత్తిసాము రచయిత. 1599లో ఆయన వేసిన చిన్న పుస్తకం కోపంతో కుతకుతలాడుతూ ఉంటుంది. కత్తీ బక్లర్ పట్టినవాడికి కత్తీ బాకు పట్టినవాడి మీదా, రేపియర్ బాకు పట్టినవాడి మీదా కూడా పైచేయి అని ఆయన తీర్పు. రేపియర్ మరీ పొడుగు, ఒకసారి మొన దాటి లోపలికి వచ్చిన మనిషిని అది ఏమీ చేయలేదు, ఇద్దరూ ఒకరినొకరు పొడుచుకొని చస్తారు, యుద్ధంలో ఇనుప టోపీ మీద అది దేనికి పనికొస్తుంది అని అడుగుతాడు. ఇవేవీ వెర్రి వాదనలు కావు. ఈ రోజుల్లో పాత గ్రంథాలు చదివి మొద్దు కత్తులతో సాధన చేసేవారు కూడా బక్లర్‌ను చులకనగా చూడరు. కానీ సిల్వర్ ఆయుధం గురించి మాట్లాడుతున్నాడు, జనం హోదా గురించి ఆలోచిస్తున్నారు. ఆ వాదనలో ఆయన గెలిచినా ఒకటే ఓడినా ఒకటే.

హోదా లెక్కలు వేరుగా ఉన్నచోట డాలు నిలిచింది కూడా. స్కాట్లండ్ కొండల్లోని యోధులకు చెయ్యంతా మూసే బుట్టపిడి కత్తి ఉంది, అయినా ముంజేతికి కట్టుకునే 'టార్జ్' అనే తోలు డాలును 1746లో కలోడెన్ యుద్ధం దాకా వదల్లేదు. వాళ్ళ పోరు పరుగెత్తి వెళ్ళి బాయనెట్ల వరస మీద పడటం, దానికి డాలు కావాలి. మన దక్కనులో ఇంకా చిత్రం. యూరప్ నుంచి వచ్చిన పొడుగు అలుగులకు ఇక్కడి బుట్టపిడి తొడిగి 'ఫిరంగి' అన్నారు. ఆ మాటకు మనకు ఇప్పుడు తోపు ఒక్కటే గుర్తొస్తుంది. అలుగు అక్కడిదే, కానీ ఎడమ చేతి డాలు మాత్రం ఇక్కడ 19వ శతాబ్దం దాకా సాగింది. పిడి మారినంత మాత్రాన డాలు పోదని చెప్పడానికి ఈ రెండు చాలు.

బక్లర్‌ను వెళ్ళగొట్టిన బాకు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1606లో వెనిస్‌లో జిగాంతి, నాలుగేళ్ళకు కపోఫెర్రో, కాలు చాచి ఒక్క ఊపున ముందుకు దూకి పొడిచే పద్ధతిని బొమ్మలతో వివరించారు. దాని అందుబాటు పూర్తిగా దక్కాలంటే కుడి భుజం ముందుకు, ఎడమ భుజం వెనక్కి వెళ్ళాలి. బాకు పట్టిన ఎడమ చెయ్యి ముందుకు రావాలంటుంది. ఆ లాగులాటలో కొన్నాళ్ళకు దూరమే గెలిచింది. 17వ శతాబ్దం రెండో సగంలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన తేలికైన చిన్నకత్తి, కాచుకోవడం, తిరిగి పొడవడం రెండూ ఒకే అలుగుతో చేయగలిగింది. బాకు ఇంట్లోనే ఉండిపోయింది, ఎడమ చెయ్యి ఒంటి తూకం నిలపడానికి వెనక గాలిలోకి లేచింది.

ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ చూసినప్పుడు ఆ చెయ్యి ఇప్పటికీ అక్కడే, ఏ పనీ లేకుండా వేలాడుతూ కనబడుతుంది. పొరపాటున దాన్ని ముందుకు తెచ్చి ప్రత్యర్థి అలుగును అడ్డుకుంటే రిఫరీ ఆట ఆపి శిక్ష వేస్తాడు.